పదకొండు కుండల తోడు

గుడియాత్తంలో, శ్రీమతి ఆరోకియమేరి ఇంటి పెరట్లో, ఫిబ్రవరి నెల రెండవ ఆదివారం ఉదయం పదిన్నరకు హాజరైనవారు, వచ్చిన క్రమంలో: ఇల్లు తనదే గనుక, ఉదయపు ప్రార్థన ముగించుకొని అందరికన్నా ముందు చేరిన ఆరోకియమేరి, గంపెడు ముళ్ల వంకాయలతో పరదరామి రైతు వరదప్ప, ఒడిలో ఐసుపెట్టెతో పరిశోధక విద్యార్థిని కుమారి నివేద, మా పరిశోధనా కేంద్రానికి ప్రస్తుత అధిపతి డాక్టర్ చిత్ర, చివరగా నేను, ఉద్యాన శాస్త్ర విశ్రాంత ఆచార్యుడు గోపాలస్వామి.

నా పేరు చివరన రావడానికి నా నిర్లక్ష్యం కారణం కాదు. వేలూరులో నేనెక్కిన బస్సు పళ్లికొండ దగ్గర చక్రం మార్చుకుంది. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఒక్క తరగతికైనా ఆలస్యంగా వెళ్లని మనిషిని. ఆ నలభై నిమిషాలూ ఐదేసి నిమిషాలకొకసారి డ్రైవరుకు గంట ఎంతయిందో తెలియజేస్తూనే ఉన్నాను. అతను కృతజ్ఞత చూపలేదు.

ఆ పెరట్లో మేము ఎందుకు కూడామో చెప్పాలంటే 1996వ సంవత్సరానికి వెళ్లాలి.

మా ఇంట మాట్లాడింది తెలుగు, బడిలో చదివింది తమిళం, కళాశాలలో అలవడింది ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు నాకెవరూ నేర్పలేదు. ఇరవై రెండవ ఏట నేనే పలక కొనుక్కొని దిద్దుకున్నాను. ఈ సంగతి గర్వంగానే చెబుతున్నాను, ఎందుకంటే నా తోటివారిలో చాలామంది ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడి, పెళ్లిపత్రిక మాత్రం ఇంకొకరిచేత చదివించుకొనేవారు.

ఆ ఏడు పరదరామిలో వరదప్ప తండ్రి గారి అరెకరం వంగతోట ఎండు తెగులు సోకి నాలుగు రోజుల్లో తలలు వేలవేసింది. పిలిస్తే వెళ్లాను. వాడిన మొక్కల నడుమ ఒకే ఒక్క మొక్క, చుట్టూ ఏమీ జరగనట్టు, పూత పూసి నిలబడి ఉంది. దానిని వేళ్లతో సహా పెకలించి, తడి గోనెలో చుట్టి, బస్సులో ఒడిలో పెట్టుకొని తెచ్చాను. కండక్టరు దానికి అరటిక్కెట్టు కొట్టాడు. ఆ టిక్కెట్టు నా దగ్గర ఇప్పటికీ ఉంది.

ఆ మొక్క వేళ్లలో కాపురముంటున్న సూక్ష్మజీవులను ఒక్కొక్కటిగా వేరుచేశాను. ఇరవై మూడవది తెగులు క్రిమిని వేరులోకి అడుగు పెట్టనివ్వడం లేదు. పరదరామి పేరుతో దానికి ‘పి-23’ అని పేరు పెట్టాను. మొక్కకు మేలు చేసే సూక్ష్మజీవి అంటే మా శాఖలో అప్పట్లో నవ్వేవారు. డబ్బా మీద పుర్రె బొమ్మ లేకపోతే రైతు దానిని మందుగా నమ్మడు పొమ్మనేవారు. నేను నవ్వలేదు. ఆ తరువాత నా ఉద్యోగ జీవితమంతా పి-23తోనే గడిచింది. నారు వేళ్లను దాని ద్రావణంలో ముంచి నాటితే తెగులు నూటికి పదిపాళ్లకు పడిపోతుందని ఏడు జిల్లాల్లో, పదకొండు పంటకాలాల్లో రుజువు చేశాను.

ఆరోకియమేరి మా ప్రయోగశాలలో 1998లో అటెండరుగా చేరింది. ఆమె భర్త గుడియాత్తంలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. గాజు పళ్లేలు కడగడం, బెల్లపు నీళ్లు కాచి ఫ్లాస్కులలో నింపడం, వాడిన వాటిని ఆవిరి యంత్రంలో పెట్టి సూక్ష్మజీవులను చంపడం ఆమె పని. పి-23 పళ్లెంలో పెరిగినప్పుడు మీగడ మడతపడినట్టు ముడతలు తేలుతుంది. ఆమె మొదటిసారి చూసినప్పుడే పళ్లేన్ని ఎత్తి పట్టుకొని, “ఏంది సార్ ఇది, ముసిలామె మొగం మాదిరి ఉండాది! ముడతలమ్మ!” అంది.

దాని పేరు పి-23 అని నేను స్పష్టం చేశాను. ఒక వారంలో ప్రయోగశాల అంతా ముడతలమ్మ అనసాగింది, నా ఎదుట తప్ప.

2004లో ఒక మధ్యాహ్నం ఆమె భోజనపు క్యారియరులోని కింది గిన్నె నా దృష్టికి వచ్చింది. మూత పక్కకు జరిగి, లోపల మసక మసకగా ద్రవం కనిపించింది.

“ఇదేమిటి, మేరీ?” అన్నాను. నేను అందరినీ ‘మీరు’ అనే సంబోధిస్తాను. పదవితో నిమిత్తం లేదు.

“రసం సార్.”

వాసన చూశాను. ఏ ఇంటి రసానికీ ఆ వాసన రాదు. “ఇది పి-23. ప్రయోగం ముగిశాక మిగిలినదంతా ఆవిరి యంత్రంలో చంపి పారబోయాలని నియమం ఉంది. మీకు తెలియదా?”

“తెలుసు సార్. చంపి కాలవలో పోసేదానికా, ఇన్ని దినాలు బెల్లం పోసి సాకినాము? పాపం గదా.”

“సూక్ష్మజీవికి పాపం అంటదు.”

“దానికి అంటదు సార్. చంపేవాళ్లకు అంటాది గదా!”

ఆ గిన్నెను నేనే స్వయంగా ఆవిరి యంత్రంలో పెట్టాను. మరుసటి ఉదయం ఆమెకు ఇంగ్లీషులో నాలుగు పేరాల మెమో జారీ చేశాను. గుమాస్తా పాల్‌రాజ్ దానిని ఆమెకు తమిళంలో చదివి వినిపించాడు. ఆమె సంతకం చేసి, మడిచి రవికలో పెట్టుకొని, పళ్లేలు కడగడానికి వెళ్లిపోయింది. విషయం ముగిసిందని నేను నమ్మాను. నమ్మి, ఇరవై ఏళ్లు గడిపాను.

నేను 2017లో పదవీ విరమణ చేశాను. బాధ్యతలు అప్పగించే ఫారంలో నలభై ఒక్క గడులు ఉన్నాయి. కుర్చీలు, సూక్ష్మదర్శినులు, గోడ గడియారం, అన్నీ లెక్కచూపి సంతకం చేశాను. పి-23 నమూనాలన్నీ ఉన్న అతిశీతల పెట్టె కూడా అప్పగించాను. ఆ పెట్టెకు నేను సొంతంగా వేయించిన తాళం ఒకటి ఉండేది. 1999లో ఎవరో అందులో కుల్ఫీ పెట్టినందువల్ల ఆ ఏర్పాటు అవసరమైంది. ఫారంలో తాళంచెవికి గడి లేదు. గడి లేనందున తాళంచెవి ప్రస్తావన రాలేదు. ప్రస్తావన రానందున అది నాతోపాటు వేలూరుకు, సత్తువాచారిలోని నా ఇంటికి వచ్చి, బీరువాలో నా పెళ్లినాటి పట్టుపంచె కింద చేరింది.

మరొక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. అటువంటి జీవులను దేశపు సూక్ష్మజీవుల భాండాగారానికి ఒక నమూనా పంపి భద్రపరచడం పద్ధతి. పి-23 మీద నా అంతిమ వ్యాసం పూర్తి కాగానే పంపాలనుకున్నాను. వ్యాసం పదిహేడవ చిత్తుప్రతిలో ఉంది.

కిందటి డిసెంబరు తుఫానుకు మా కేంద్రంలో నాలుగు రోజులు కరెంటు లేదు. కరెంటు తిరిగి వచ్చాక కూడా ఆ శీతల పెట్టె మీట పడిపోయే ఉంది. జనవరి మొదటి వారంలో నివేద మా గుమ్మంలో నిలబడి, చేతులు నలుపుకుంటూ, “సార్, ఫ్రీజర్ తాళంచెవి మీ దగ్గర ఏమైనా ఉందా అని చిత్ర మేడమ్ అడగమన్నారు” అంది.

ఆ అమ్మాయి డాక్టరేటు పరిశోధన పి-23 మీదనే. నేను పట్టుపంచె కింద నుంచి తాళంచెవి తీసుకొని, చెప్పులు వేసుకొని, ఆమె వెంటే బయలుదేరాను.

పెట్టె తెరిచాము. లోపల మురికినీళ్లలో నలభై ఆరు సీసాలు తేలుతున్నాయి. వాటిలో ప్రతి ఒక్కదాని నుంచీ నివేద పళ్లేలలో చల్లి చూసింది. బూజు తప్ప ఏదీ మొలవలేదు.

“తాళం పగలగొట్టి ఉండాల్సింది సార్. తప్పు నాది” అంది డాక్టర్ చిత్ర.

“తప్పు ఫారానిది” అన్నాను.

ఆ ఫారాన్ని రూపొందించింది ఎవరని ఆమె అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. రూపొందించింది నేనే.

పరిస్థితి ఇది. పి-23ను రైతులకు అందించే అనుమతి కోసం కేంద్రం దరఖాస్తు చేసి ఉంది. మార్చి నెలాఖరులోగా సజీవమైన నమూనాను భాండాగారానికి అప్పగించకపోతే ఆ దరఖాస్తు రద్దవుతుంది. నివేద మూడేళ్ల శ్రమ పోతుంది. నా విషయానికి వస్తే, ఇరవై ఎనిమిదేళ్ల కృషి, బ్రతికి ఉన్న జీవి లేని ఒక పేరుగా మిగిలిపోతుంది. నా పాత శిష్యులందరికీ ఉత్తరాలు రాశాను. ఒకరి దగ్గర ఫోటో ఉంది. ఒకరి దగ్గర నా అక్షరదోషాల జాబితా ఉంది. జీవి ఎవరి దగ్గరా లేదు.

మొదట దొరికిన చోటనే మళ్లీ వెదకాలని నివేదను వెంటబెట్టుకొని పరదరామికి వెళ్లాను. నేను మొక్క పెకలించిన పొలం ఇప్పుడు మామిడితోట. దాని పక్క చెక్కలో మాత్రం వరదప్ప వంగ వేశాడు. వరుసల వెంట నడిచాను. ఒక్క మొక్కా వాడలేదు. చుట్టుపక్కల రెండు తోటలు తెగులుతో పడి ఉన్నాయి. వరదప్ప తోట మాత్రం ఊదారంగు కాయలతో వంగి నిలబడింది.

“ఏంది సార్, గాలి ఇట్ల మళ్లింది?” అంటూ వరదప్ప తలగుడ్డ విప్పాడు. “మా నాయన ఉంటే మీకు ఇంకో అరటిక్కెట్టు కొట్టించునే!”

“మీ తోటకు ఏ మందు వాడుతున్నారు, వరదప్పా?”

“మందెల్లా ఏమీ లేదు సార్. నారు ఎత్తినాక వేళ్లు రొంతసేపు తోడులో ముంచి నాటతాము. అంతే.”

“తోడా? ఏ తోడు?”

అతను నోరు గట్టిగా మూసుకున్నాడు. చూపు పశువుల కొట్టం వైపు వెళ్లి తటాలున వెనక్కి వచ్చింది. నేను ఆ చూపు పట్టుకొని కొట్టంలోకి నడిచాను. మూలన ఒక మట్టికుండ, దాని మీద కొబ్బరి చిప్ప మూత. మూత తీశాను. రసానికి ఆ వాసన రాదు.

“ఇందులో నుంచి నాకు రెండు చెంచాలు కావాలి” అన్నాను.

“ఇయ్యగూడదు సార్.”

“నాకా?”

“మీకనే ఇయ్యగూడదు” అన్నాడు వరదప్ప, చాలా బాధపడుతూ. “మేరక్క ఒట్టు పెట్టించుకొనింది. ఎవురికైనా ఇయ్యి, పెద్ద సారుకు మాత్రం తెలియగూడదు అనింది. ఆయమ్మ సరే అంటే ఇంత కుండా మీదే. అనకుంటే నన్ను చంపినా ఇయ్యను.”

నివేద మొగం పక్కకు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. నేను గమనించనట్టు ఊరుకున్నాను.

మరునాడు నివేదతో కలిసి గుడియాత్తంలో ఆరోకియమేరి తలుపు తట్టాను. అరవై రెండేళ్ల మనిషి, తల నెరిసింది, చేతివేళ్లు మాత్రం గాజు కడిగిన నాటి చురుకుతోనే ఉన్నాయి. నన్ను చూడగానే ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకొని నిటారుగా నిలబడింది. నేను ఆర్కాడు మక్కన్ పేడాల మిఠాయి డబ్బా అందించాను. ఆమె దానిని అందుకొని, లంచం తీసుకున్నట్టు వెంటనే బల్ల మీద పెట్టేసింది.

“మేరీ, మీ దగ్గర కుండ ఒకటి ఉందని విన్నాను.”

“ఏ కుండ సార్?”

“తోడు కుండ.”

“పెరుగు తోడా సార్? మాకు ప్యాకెట్టు పాలే. తోడు యాడుండాది?”

“వరదప్ప...”

“వరదప్ప చెప్పినాడా? వాడి నాలిక తెగ!” అని, వెంటనే నాలిక కరుచుకుంది. “సార్, నేను రిటైరయినా. పెన్షను కూడా వస్తా ఉండాది. ఇప్పుడు మళ్లీ మెమో ఇచ్చేదానికి వచ్చినారా?”

“మెమో ఇవ్వడానికి నాకిప్పుడు అధికారం లేదు” అన్నాను. తరువాతి వాక్యాన్ని మనసులో రెండుసార్లు దిద్దుకున్నాను. నా జీవితంలో అటువంటి వాక్యం కూర్చుకోవలసిన సందర్భాలు తక్కువ. “పి-23 చచ్చిపోయింది, మేరీ. ఒక్క సీసా మిగలలేదు. తాళంచెవి నా దగ్గరే ఉండిపోయింది.”

ఆమె బల్ల దగ్గరకు వెళ్లింది. పేడా డబ్బా మూత తీసి, ఒకటి నివేద చేతిలో పెట్టింది. “ముడతలమ్మ చచ్చిపోయిందా?” అంది మెల్లిగా. “అయ్యో సార్. కూర్చోండి. రొంత నీళ్లు తాగండి. కవలపడొద్దు, దిగులు వద్దు.”

అప్పుడు చెప్పింది. ఆనాటి క్యారియరులో మూడు గిన్నెలు ఉండేవి. నేను పరిశీలించింది ఒక్క గిన్నెను. పై గిన్నెలోది భద్రంగా ఇల్లు చేరింది.

“ఇంటికి తెచ్చి కుండలో పోసినా సార్. మాగిన పేడ, గంజి, గుప్పెడు బెల్లం. పంట అయిపోయినాక బాగా కాచిన చెట్టు పెరికి, వేళ్లు దంచి అందులోనే వేస్తాను. మళ్లీ నారు నాటేటప్పుడు తీస్తాను. పెరుక్కు తోడు పెట్టేది ఎట్లనో అట్లే. తోడు పోనిస్తే పెరుగు పోయినట్లే గదా.”

“ఒక ఇంటి కుండలో ఇరవై ఏళ్లు!”

“ఒక ఇల్లు కాదు సార్. పదకొండు ఇండ్లు. తోడు ఒక్క ఇంట్లోనే పెట్టుకొనేదాన్ని యాడైనా చూసినారా? పక్కింట్లో ఉంటేనే గదా, మనది విరిగిపోయినప్పుడు అడిగి తెచ్చుకొనేది. ఈడ మా వీధిలో నాలుగు, పరదరామిలో ఐదు, కనియంబాడిలో మా చెల్లెలు కోకిల ఇంట్లో ఒకటి, ఇంకోటి నాది. అడిగినవాళ్లకు లేదనగూడదు. దీపం పెట్టినాక ఇయ్యగూడదు. తీసుకున్నవాళ్లు మళ్లీ అడిగితే ఇచ్చేయాల. పెద్ద సారుకు చెప్పగూడదు. ఈ నాలుగే మాటలు.”

ఆ నాలుగవ నియమం అన్నిటికన్నా కచ్చితంగా అమలైందని గ్రహించాను.

అయినా నేను శాస్త్రజ్ఞుణ్ణి. పేడకుండలో వేల రకాల సూక్ష్మజీవులు ఉంటాయి. అందులో ఉన్నది నా పి-23యేనని చెప్పడానికి నమ్మకం చాలదు, ఆధారం కావాలి. ఆధారం మాత్రం ఉంది. క్షయరోగానికి వాడే రిఫాంపిసిన్ మందు కలిపిన పళ్లెంలో మామూలు సూక్ష్మజీవులు బ్రతకవు. నేను పి-23ను ఆ మందుకు తట్టుకొనేలా 1997లోనే ఎంపిక చేసి పెట్టాను, పొలంలో దానిని ఆనవాలు పట్టడానికి. ఆ పళ్లెంలో మొలిచి, ముడతలు తేలి, అతినీలలోహిత కాంతినిచ్చే నీలిదీపం కింద ఆకుపచ్చగా మెరిస్తే అది పి-23 కావడానికి అవకాశం గట్టిది.

మూడు కుండల నుంచి మూడు సీసాలు తీసుకున్నాము: ఆరోకియమేరిది, కోకిలది, ఆరోకియమేరి అనుమతితో వరదప్పది.

రెండవ రోజు మొదటి పళ్లెం చూశాను. ఆరోకియమేరి కుండది. శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క కూడా మొలవలేదు. నివేద ఆ పళ్లేన్ని వెలుతురుకు పట్టి, అటు తిప్పి ఇటు తిప్పి, కింద పెట్టింది. నేను గుడియాత్తం వెళ్లి ఆరోకియమేరికి స్వయంగా చెప్పాను. నిర్ధారణ కాని ఆశను ఎవరిలోనూ నిలిపి ఉంచడం సరికాదు.

ఆమె వంకాయలు తరుగుతూ ఉంది. కత్తిపీట ఆపలేదు.

“నా కుండలోకి తుఫాను నీళ్లు పోయినాయి సార్. కడవ నిండా వాననీళ్లే. నాది పోయి ఉంటాదని నాకు అప్పుడే అనుమానం.”

“మరి ఇంత నిబ్బరంగా ఎలా ఉన్నారు?”

“నాది పోతే ఏంది సార్?” అంది, నేను మందబుద్ధి విద్యార్థినైనట్టు ఓపికగా. “దానికే గదా పదకొండు ఇండ్లలో పెట్టింది.”

ఆ మాట నాకు బస్సులో, పళ్లికొండ దాటాక పూర్తిగా అర్థమైంది. నలభై ఆరు సీసాలు నేనూ పెట్టాను. కాని నలభై ఆరూ ఒకే పెట్టెలో, ఒకే తాళం కింద, ఒకే మనిషి బీరువాలోని ఒకే తాళంచెవితో పెట్టాను. ఆమె కుండలకు తాళం లేదు, మూతకు కొబ్బరి చిప్ప. నేను దొంగల గురించి ఆలోచించాను. ఆమె తుఫాను గురించి ఆలోచించింది.

మూడవ రోజు ఉదయం నివేద ఫోను చేసింది.

“సార్! వరదప్పన్న కుండది వచ్చినాది సార్! కోకిలక్కది కూడా! ముడతలు సార్, ముడతలు!” కేంద్రంలో నా దగ్గర ఆ అమ్మాయి ఎప్పుడూ పుస్తక భాషలో మాట్లాడేది. “నీలిదీపం కింద చూసినాము. పచ్చగా ఉండాది, మన వేలూరు బస్టాండు బోర్డు మాదిరి!”

“ఉపమానాలు నివేదికలో రాయవద్దు, అమ్మా” అన్నాను. ఫోను పెట్టేశాక మాత్రం కుర్చీలో కూర్చోలేకపోయాను. ఇంటి చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. నాలుగవసారి పొరుగాయన ఆరోగ్యం బాగుందా అని అడిగాడు.

తరువాత జన్యుపరీక్షలో కూడా అది పి-23యేనని తేలింది. పదకొండు కుండలలో తొమ్మిది సజీవంగా ఉన్నాయి. ఇరవై ఏళ్లు పొలంలో బ్రతకడం వల్ల కాబోలు, మా పాత నమూనా కన్నా అది వేరులోకి కొంత చురుగ్గా చేరుతున్నదని నివేద కొలతలు చెబుతున్నాయి. ఈ విషయమై పదునెనిమిదవ చిత్తుప్రతి ఉండదు. ఆ వ్యాసం నివేద రాస్తుంది. నేను విరామ చిహ్నాలు మాత్రం చూస్తాను.

ఇప్పుడు మొదట చెప్పిన ఆదివారానికి, ఆ పెరటికి వస్తాను.

మొదటి పనిగా వరదప్ప తన కుండ నుంచి ఒక గరిటెడు ఆరోకియమేరి కొత్త కుండలో పోశాడు. తీసుకున్నవాళ్లు అడిగితే తిరిగి ఇవ్వాలన్న నియమం అట్లా అమలైంది. “ఏమి వరదప్పా, రొంత ధారాళంగా పోయి! నేను ఇచ్చినప్పుడు ఇట్లనే పిసినారితనం చేసినానా?” అని ఆమె అతని చేతి మీద కొట్టింది.

రెండవది మెమో సంగతి. ఆమె ఇంట్లోకి వెళ్లి, వేలాంకన్ని మాత పటం వెనక నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసుకొచ్చింది. అందులో నా నాలుగు పేరాలు.

“దినామూ దండం పెట్టేటప్పుడు ఇదీ కండ్లబడతా ఉండె. మాత ముందర మీ కాగితం! చింపేయండి సార్.”

“చింపడం పద్ధతి కాదు” అన్నాను. “అధికారికంగా జారీ అయినదానిని అధికారికంగా రద్దు చేయాలి.” డాక్టర్ చిత్ర అప్పటికే రద్దు ఉత్తర్వు టైపు చేయించి తెచ్చింది. సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చింది. ఆరోకియమేరి రెండు కాగితాలూ ఒకే కవరులో పెట్టి, “సరి, ఇప్పుడు రెండూ మాత వెనకాలే ఉండనీ. ఒకటి ఉంటే ఇంకోటి ఎందుకు వచ్చిందో మనవలకు తెలియాల గదా” అంది.

మూడవది భాండాగారానికి పంపే ఫారం. నివేద ఐసుపెట్టె మీద దానిని పరిచింది. ‘సేకరించినవారు’ అన్న గడిలో నా పేరు రాశాను. అది సత్యం, వినయం కోసం సత్యాన్ని వదులుకోలేను. కింద ఇంకేమైనా గడి ఉందేమోనని వెదికాను. సేకరించినవారికి గడి ఉంది, గుర్తించినవారికి ఉంది, పంపినవారికి ఉంది. బ్రతికించినవారికి లేదు.

“గడి లేదు సార్” అంది నివేద.

“స్కేలు ఇవ్వండి” అన్నాను.

ఫారం అడుగున నాలుగు గీతలు గీసి ఒక గడి చేశాను. నా జీవితంలో ప్రభుత్వ ఫారం మీద గీత గీయడం అదే మొదలు. డాక్టర్ చిత్ర నన్ను వారించబోయి, ఏమనుకుందో, గీత వంకరపోకుండా స్కేలు రెండవ కొస పట్టుకుంది.

అందులో రాయవలసినదానిని ముందురాత్రే మంచి తెలుగులో కూర్చి తెచ్చాను. ఇంగ్లీషు ప్రతి ఫారానికి, తెలుగు ప్రతి ఆరోకియమేరికి. ఆమె తెలుగు ప్రతిని అందుకొని, అక్షరాలను వేలితో తడిమి చూసింది.

“గుండ్రంగా చక్కగా ఉండాయి సార్. కానీ నాకు ఈ అక్షరాలు రావు గదా. మీరే చదవండి. పాల్‌రాజ్ ఆ పొద్దు అది చదివినాడు, ఈ పొద్దు మీరు ఇది చదవండి.”

నేను లేచి నిలబడ్డాను. వరదప్ప తలగుడ్డ తీశాడు. పొయ్యి మీద ముళ్ల వంకాయల కూర ఉడుకుతోంది. అది అడుగంటకుండా త్వరగా చదవమని ఆరోకియమేరి నాకు సూచించింది. చదివినది ఇది:

“1996వ సంవత్సరమున పరదరామిలో సేకరింపబడిన పి-23 అను ఈ సూక్ష్మజీవి, దానిని సేకరించిన ఆచార్యుని రక్షణలో నశించినది. గుడియాత్తం వాస్తవ్యురాలు, పూర్వ ప్రయోగశాల సహాయకురాలు శ్రీమతి ఆరోకియమేరి, ఆ ఆచార్యుని ఉత్తర్వునకు విరుద్ధముగా, దీనిని తన ఇంటను, మరి పది ఇండ్లను, ఇరువది ఏండ్లు సజీవముగా నిలిపినారు. ఇది నేడు బ్రతికి యుండుట ఆమె చేసిన పనివలననే. ఆమెకు దానిని గూర్చి ముడతలమ్మ అను పేరు వాడుకొను హక్కు కలదని, ఇకమీదట నా ఎదుటను వాడవచ్చునని, కృతజ్ఞతాపూర్వకముగా ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను. — గోపాలస్వామి.”